మోదుగుపేట తలుపులు

రామవ్వ ఇంటి తలుపు ఊడదీసింది బాలమల్లే. ఈ మాట ముందే చెప్పాలి, తర్వాత పారిన నెత్తురంతా ఆ తప్పులోంచే వచ్చింది కాబట్టి.

ఇంటిపన్ను కట్టలేదని మున్సిపాలిటీ వాళ్లు మొదట సుత్తెతో మీద పడ్డారు. పాత టేకు తలుపు, లొంగలేదు. పగలగొట్టకండని బాలమల్లు అడ్డం పోయాడు. వడ్రంగి పని చేసేవాడు, చెక్క మీద దెబ్బ చూడలేడు. మోదుగుపేట తలుపులకు ఇనుప బందులుండవు. కింద గుంటలో నిలబడి తిరుగుతాయి, పైకెత్తి పక్కకు వంచితే వచ్చేస్తాయి. ఎత్తి ఇచ్చాడు. జాగ్రత్తగా దాచి తిరిగిస్తారనుకున్నాడు, వెర్రివాడు. రెవెన్యూ ఇన్‌స్పెక్టర్ శ్యాంసుందర్ దాన్ని చెత్తబండిలో వేయించుకుని పోయాడు.

"ఊరు గంగల మునిగిననాడు గా తలుపును నువ్వే మోసుకొస్తివి బిడ్డా. ఇయ్యాల నువ్వే ఎత్తిస్తివి," అంది రామవ్వ. తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

మోదుగుపేట ఇప్పుడు ప్రాజెక్టు నీళ్ల కింద ఉంది. ఊళ్లోంచి జనం తెచ్చుకున్నవి తలుపులే. ధర్మపురి రోడ్డు మీద ఇరుకు ఇళ్లు కట్టి, కాలనీ అని పేరుపెట్టి, వాళ్లను టౌన్‌లో కలిపేశారు. నల్లా రాదు, మోరీ లేదు. పన్ను నోటీసులు మాత్రం తప్పకుండా వస్తాయి.

మర్నాడు పొద్దున ట్యాంకర్ దగ్గర కాలనీ అంతా కూడింది. సగమన్నా కట్టి చైర్మన్ కాళ్లు పట్టుకుందామని పెద్దమనిషి సదానందం బతిమాలాడు. డిగ్రీ చదివే బాలమల్లు కూతురు సృజన లేచింది.

"ఓటర్ల లిస్టు సూసిన. ఊరు మునిగిందని మన పేర్లు కొట్టేసిండ్రు. టౌన్ల ఏ వార్డులనూ ఎక్కియ్యలే. పన్నుకు బతికున్నం, ఓటుకు సచ్చినం. గీ టౌన్ మనకొద్దు. మన పంచాయితి మనకు గావాలె."

అవునవునని జనం కేకలేశారు. వాళ్లకు పోలీసులున్నారు, మనకేమున్నదని సదానందం అడిగాడు. అప్పటిదాకా సిగ్గుతో తలొంచుకుని ఉన్న బాలమల్లు నోరు విప్పాడు.

"తలుపులున్నయ్."

ఇంటింటికీ తిరిగి ఎట్లా ఎత్తాలో చూపించాడు. సాయంత్రానికి కాలనీలో ఒక్క గుమ్మానికీ తలుపు లేదు. అన్నీ రోడ్డు మొగదలలో వరుసగా నిలబడ్డాయి. ఒక్కోదాని మీద సున్నంతో మోదుగుపేట అని సృజన రాసింది. ఒక్కోదాని వెనుక ఇద్దరు మనుషులు.

మూడో రోజు పొద్దున శ్యాంసుందర్‌ను వెంటబెట్టుకుని పోలీసులు దిగారు. లాఠీలు టేకు మీద పడి విరిగాయి. ముందు నుంచి చేతకాక ఇళ్ల సందుల్లోంచి వెనకవైపుకు చుట్టి వచ్చారు. తలుపు లేని గుమ్మంలో రామవ్వ అడ్డంగా కూర్చుని ఉంది.

"ఇంకేం గుంజుకపోతరు?" అంది.

లాఠీ తల మీద పడింది. గడప మీదికి ఒరిగింది. మళ్లీ లేవలేదు.

ఆ తర్వాత కాలనీకి ఒళ్లు తెలియలేదు. ఆడవాళ్లు పొయ్యికట్టెలు అందుకున్నారు. జీపు అద్దాలు పగిలాయి, శ్యాంసుందర్ నెత్తి పగిలింది. ముసలమ్మను చంపిన వాళ్ల మీద జాలేమిటి? పోలీసులు జీపులు వదిలి పరుగెత్తారు.

బాలమల్లు తన తలుపు మీదే రామవ్వను పడుకోబెట్టాడు. ఆ తలుపును మోసుకుంటూ కాలనీ మొత్తం టౌన్‌కు నడిచింది. మున్సిపాలిటీ గేటు జనం తోపుడుకు కూలింది. విరిగిన చెత్తబండ్ల కింద ఉంది రామవ్వ తలుపు. బాలమల్లు దాన్ని భుజానికెత్తుకుని వస్తుంటే, కొత్తగా దిగిన పోలీసుల లాఠీలు వీపు మీద పడుతూనే ఉన్నాయి. ఆడవాళ్లు అందుకునేదాకా దాన్ని దించలేదు. దించాక బేడీలు వేశారు. ఇరవైమందిని పట్టుకుపోయారు, సదానందాన్ని కూడా.

స్టేషన్‌లో కానిస్టేబుల్ పేర్లు రాసుకుంటున్నాడు. ఊరేదని అడిగాడు.

"మోదుగుపేట," అన్నాడు బాలమల్లు.

ఎస్సై చెంప పగలగొట్టాడు. "గా ఊరు లేదురా. కాలనీ అను."

నోట్లో నెత్తురు ఉమ్మి, మళ్లీ అదే అన్నాడు. ఈసారి బూటు కాలు కడుపులో దిగింది. ఎస్సై సదానందం వైపు తిరిగాడు.

"నీదేవూరు?"

సగమన్నా కట్టేద్దామన్న సదానందం నేల మీదున్న బాలమల్లును చూశాడు. "మోదుగుపేట," అన్నాడు.

అప్పుడు బయట చప్పుడు మొదలైంది. ఆడవాళ్లు తలుపులు మోసుకొచ్చి అరచేతులతో బాదుతున్నారు. అన్నింటిలో రామవ్వ తలుపు మోత ఏదో బాలమల్లుకు తెలిసింది.

ఎస్సై లేచి స్టేషన్ తలుపు మూసి గొళ్లెం పెట్టాడు. కాసేపటికి దాని మీద కూడా దెబ్బలు పడ్డాయి.