మా ఆవిడ రాసిన చివరి అధ్యాయం

మా ఆవిడ మీద నాకు కోపం రావడం కొత్త కాదు. కానీ ఒక పుస్తకం గురించి ఇంత కోపం రావడం ఇదే మొదలు.

కంటికి ఆపరేషన్ చేసిన డాక్టరు కొన్నాళ్ళు చదవకూడదు, ఏడవకూడదు అన్నాడు. గడియారాలు బాగుచేసే నా దుకాణానికి తాళం పడింది. అది భరించాను. స్తోత్రాలన్నీ కంఠతా వచ్చినవే కాబట్టి దేవుడి దగ్గరా లోటు రాలేదు. కానీ నా అభిమాన రచయిత కొత్త నవల బల్ల మీద పడి ఉంటే ఊరుకోవడం ఎలా? నేను పెద్ద చదువులు చదవలేదు. మనిషి మనసు గురించి కాస్తో కూస్తో తెలిసిందంటే ఆయన చలవే.

అందుకని మా ఆవిడ మధ్యాహ్నం గిన్నెలు సర్దేసి వచ్చి చదివి వినిపించేది. నవలలంటే ఆమెకు గిట్టదు. "ఇంట్లో కష్టాలు చాలనట్టు లేని మనుషుల కష్టాలు కొనితెచ్చుకుంటారు" అని దెప్పుతూనే చదివింది. కథలో ఒక ముసలాయన, జబ్బుపడ్డ ఆయన భార్య. నిన్న చివరి అధ్యాయానికి వచ్చాం. ఆ భార్యకు జబ్బు నయమైందట. మొగుడు స్వయంగా వంట చేసి, వడ్డించి, "నిన్ను చాలా కష్టపెట్టాను, క్షమించు" అన్నాడట. సమాప్తం!

నాకు ఒళ్ళు మండింది.

"ఇది ఆయన రాసింది కాదు."

"మరి నేను రాశానా?"

"నువ్వే రాశావు! ఆయన పుస్తకాల్లో ఇంతవరకూ ఏ మగాడూ గరిటె పట్టలేదు. క్షమించమనడం అంతకన్నా లేదు."

"ఆ సంగతి గొప్పగా చెప్పుకుంటున్నారా?" అంది. పుస్తకం ఒళ్ళో పెట్టుకుని, "డాక్టరు మిమ్మల్ని ఏడవొద్దన్నాడు. అందుకే మార్చాను" అని ఒప్పుకుంది.

"నా కన్ను సంగతి నేను చూసుకుంటాను. ఆయన మాటలు దిద్దడానికి నువ్వెవరు? ఎంత కష్టపడి రాసుంటాడు!"

"ఏం కష్టం? జన్మంతా వండిపెట్టిన మనిషిని ఒక్క వాక్యంలో చంపేశాడండీ మీ మహానుభావుడు! మంచంలో పడున్నప్పుడు ఆవిడ ఏమనుకుందో ఒక్క ముక్క లేదు. మీకేనా కోపం? నాకు రాదా?"

"వస్తే తిట్టు. మార్చకు. రాసిపెట్టింది ఎవరైనా మారుస్తారా?"

"పొద్దున్నే దేవుడి ముందు కూర్చుని మీరు అడిగేది అదేగా?"

నిజమే. నాకు రాసిపెట్టినదాన్ని మార్చమని రోజూ అడుగుతూనే ఉన్నాను. అది తప్పా? తప్పయితే ఇన్నేళ్ళు ఆ దేవుడు ఎందుకు విన్నట్టు? ఏమో. అయినా నా కోపం తగ్గలేదు.

"నేను అడుగుతాను. అంతేగానీ ఆయన చేతిలో కలం లాక్కోను. ఉన్నది ఉన్నట్టు చదువు."

"ఏడిస్తేనో?"

"ఏడవను. ఒట్టు."

విసురుగా పేజీలు తిప్పి మొదలుపెట్టింది. భార్య పోయింది. నిజంగా ఒక్క వాక్యమే. వచ్చినవాళ్ళంతా వెళ్ళిపోయాక ముసలాయనకు ఆకలేసింది. వంటగదిలోకి వెళ్ళాడు. ఉప్పు ఎక్కడుందో తెలియదు. ఒక్కో డబ్బా మూత తీసి చూస్తూ నిలబడ్డాడు. అక్కడితో నవల అయిపోయింది.

ఆ ముసలాడి మీద పట్టరాని కోపం వచ్చింది. అన్నేళ్ళు ఆ ఇంట్లోనే తిన్నావు కదయ్యా, ఒక్కసారైనా చూడొద్దూ?

"ఏడుస్తున్నారా?" అంది మా ఆవిడ అనుమానంగా.

"లేదు. మన ఉప్పు ఎక్కడ పెడతావు?"

పుస్తకం మూసిన చప్పుడైంది.

"నోటితో చెప్తే మర్చిపోతారు. లేచి రండి" అని నా చెయ్యి పట్టుకుంది.