సూదులున్న మనిషిని లేపకూడదు

లిఫ్టుకు తాళం వేసే మనుషులుంటారని ఎవరైనా చెబితే సూదులక్క నవ్వేసి ఊరుకునేది. ఇంటికి తాళం వేస్తారు, బీరువాకు వేస్తారు, మరీ పిసినారి అయితే పంచదార డబ్బాకు వేస్తారు. మనుషుల్ని పైకీ కిందికీ మోయడానికే పుట్టిన యంత్రానికి తాళమేమిటి? కానీ వేశారు. మంగళవారం మధ్యాహ్నం ఆమె కళ్ళారా చూసింది. చూసిన దగ్గర్నుంచి ఒళ్ళు మండుతూనే ఉంది. మండదా మరి?

ఆ ఐదంతస్తుల బిల్డింగులో మూడో అంతస్తు చివరి గది ఆమెది. గోడల వెంబడి ఎనిమిది వాలుకుర్చీలు, తలుపు పక్కన ఒక డబ్బా. ఇవ్వగలిగింది ఆ డబ్బాలో వేసి వెళ్ళడమే, ఎవరెంత వేశారో చూసేవాళ్ళు లేరు. పరదాలు లేవు, విడి గదులు లేవు. వచ్చినవాళ్ళు చెప్పులు విప్పి, బట్టలు మోచేతుల దాకా, మోకాళ్ళ దాకా పైకి మడుచుకుని కుర్చీలో వాలతారు. సూదులక్క చిన్న పీట జరుపుకుంటూ ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్ళి, బాధేమిటో గుసగుసగా అడిగి, వెంట్రుకంత సన్నని సూదులు చేతులకూ పాదాలకూ చెవులకూ గుచ్చుతుంది. ఎవరికెన్ని గుచ్చిందో చీటీ మీద రాసుకుంటుంది. నలభై నిమిషాలయ్యాక అన్నీ తీసి, లెక్క సరిచూసి, పసుపుపచ్చ డబ్బాలో పారేస్తుంది.

ఈలోగా అందరూ నిద్రపోతారు. బస్సు డ్రైవరు పక్కన కాలేజీ లెక్చరరు, ఆయన పక్కన వీధులూడ్చే మనిషి, అందరిదీ ఒకే గదిలో గురక. గురకకు చదువూ లేదు, హోదా లేదు. అందుకే గోడ మీద అట్టముక్క ఒకటి వేలాడుతూ ఉంటుంది: "సూదులున్న మనిషిని లేపకూడదు." ఆ గదికి ఉన్న చట్టమల్లా అదొక్కటే. ఫోన్లు బయట, మాటలు బయట, తుమ్మొస్తే కూడా బయటికే.

మూలనున్న మూలికల బల్ల వదినది. వదినంటే సూదులక్క అన్నగారి భార్య. అల్లం పొడి, అతిమధురం, ఎండు పుదీనా పొట్లాలు కట్టి అమర్చుకుని కూర్చుంటుంది. చూస్తే గయ్యాళి, కానీ డాక్టరు రాసిన చీటీ చూడకుండా ఒక్క పొట్లం ఇవ్వదు. "రక్తం పలచబడే మాత్రలు వేసుకుంటున్నారా? అయితే నా పొట్లాలేవీ మీకొద్దు, సూదులు చాలు," అంటుంది. గుండెలో నొప్పి అన్నారంటే చెప్పులు కూడా వేసుకోనివ్వకుండా పెద్దాసుపత్రికి తరిమేస్తుంది.

ఇక కిటికీ దగ్గరి కుర్చీ బొత్తాలమ్మది. బట్టల ఫ్యాక్టరీలో ముప్ఫై ఏళ్ళు చొక్కాలకు బొత్తాలు కుట్టింది కాబట్టి ఆ పేరు. రెండు మోకాళ్ళూ అరిగిపోయాయి. మంగళవారం ఒకసారి, శుక్రవారం ఒకసారి వచ్చేది. "వారంలో నేను నిద్రపోయేది ఆ రెండు రాత్రులే తల్లీ. మిగతా అయిదూ మోకాళ్ళతో కబుర్లే," అనేది.

ఆ మంగళవారం రెండింటికి రావలసిన మనిషి మూడైనా రాలేదు. నాలుగైంది. సూదులక్కకు మనసు మనసులో లేదు. కుర్చీల్లో ఉన్నవాళ్ళ సూదులన్నీ తీసి, లెక్క చూసుకుని, మెట్లు దిగింది. రెండో అంతస్తు దాటి మలుపు తిరిగేసరికి, మెట్టు మీద బొత్తాలమ్మ కూర్చుని ఉంది. ఒక చేత్తో ఇనుప రెయిలింగు, రెండో చేతిలో తన చెప్పులు.

"పెద్దమ్మా! ఇక్కడ కూర్చున్నావేంటి?"

"లిఫ్టుకు తాళమేశారమ్మా. ఎక్కుదాంలే అనుకున్నా. ఇక్కడిదాకా వచ్చాక కాళ్ళు చెప్పిన మాట వినలేదు. పైకి పోలేను, కిందికి పోలేను."

"ఎంతసేపయింది?"

"రెండింటికొచ్చా."

"రెండు గంటలు! ఒక్క కేకెయ్యలేకపోయావా? ఫోనైనా చెయ్యొచ్చు కదా!"

బొత్తాలమ్మ ఆమె వైపు వింతగా చూసింది. "పైన సూదులు పెట్టుకుని పడుకుని ఉంటారు కదా. కేకేస్తే మెలకువొచ్చెయ్యదూ?"

సూదులక్క వంగి ఆమె చేతిలోని చెప్పులు అందుకుంది. తాను రాసిన అట్టముక్కను ఇంత బుద్ధిగా పాటించిన మనిషి ఆ బిల్డింగులో ఇంకొకరు లేరు. ఆ పాటించినందుకే రెండు గంటలు చల్లటి మెట్టు మీద నోరు కట్టుకుని కూర్చుంది. వదినను పిలిచి, చెరో రెక్కా పట్టుకుని, ఒక్కో మెట్టూ దించి ఆటో ఎక్కించారు. ఆ రోజు బొత్తాలమ్మకు సూదులు లేవు, ఆ రాత్రి నిద్రా లేదన్నమాట.

వాచ్‌మన్ మెడలో తాళంచెవి దారానికి వేలాడుతోంది. సూదులక్క చూపు చూసి చేత్తో దాన్ని మూసేసుకున్నాడు.

"నన్ను తిట్టకక్కా. సెక్రటరీ గారి ఆర్డరు. ఓనర్లకీ, పైన కొత్తగా పెట్టే క్లినిక్ వాళ్ళకీ తప్ప తియ్యొద్దన్నారు."

బిల్డింగు సంఘం సెక్రటరీ గది కిందే ఉంది. ఆయన భారీ మనిషి, మాట మాత్రం మహా మెత్తన. సూదులక్కను చూడగానే కుర్చీ చూపించాడు. ఆమె కూర్చోలేదు.

"శుక్రవారం ఐదో అంతస్తులో స్కిన్ క్లినిక్ ఓపెనింగ్ మేడమ్. పెద్ద పెద్దవాళ్ళొస్తారు. లిఫ్టు నిండా మీవాళ్ళుంటే ఏం బాగుంటుంది చెప్పండి?"

"మావాళ్ళంటే?"

"అదే... మీకు తెలుసు కదా."

"తెలీదండీ. చెప్పండి."

"రకరకాల మనుషులు మేడమ్. చెమటలు, సంచులు, కర్రలు..."

"మోకాళ్ళు పోయినవాళ్ళు కర్రతో రాక కత్తితో వస్తారా? అసలు లిఫ్టుంది ఎవరికండీ? కాళ్ళు బాగున్నవాళ్ళకా?"

ఆయన నవ్వాడు. నవ్వి అన్న మాట వినండి. "అయినా మేడమ్, మీ సూదులు నిజంగా అంత బాగా పనిచేస్తే వాళ్ళు మెట్లెక్కలేరా ఏంటి?"

తన జోకుకు తానే కుర్చీలో ఊగి ఊగి నవ్వుకున్నాడు. సూదులక్క వెనక్కి తిరిగింది. బయటికొచ్చి మెట్లెక్కుతుంటే రెండో అంతస్తు దగ్గర జవాబులు ఒకదాని వెనక ఒకటి తోసుకొచ్చాయి. అరిగిన మోకాలికి కొత్త మోకాలు మొలిపిస్తానని తానెప్పుడు చెప్పింది? నొప్పి కాస్త తగ్గిస్తుంది, ఒక రాత్రి నిద్ర ఇస్తుంది, అంతే. ఆ అంత కోసమే కదా వాళ్ళు ఇంత దూరం వస్తున్నది! ఇవన్నీ ఇప్పుడు గుర్తొచ్చి ఏం లాభం?

పైన ఇంకా ఇద్దరు కాచుకుని ఉన్నారు. సూది చేతిలోకి తీసుకుంటే చెయ్యి వణికింది. ఈ పని నేర్పిన మేనత్త మొదటిరోజే చెప్పింది: "కోపమున్న చేత్తో సూది పట్టకు. నీ కోపం నీ దగ్గరుంచుకో, ఇంకొకరి ఒంట్లోకి ఎక్కించకు." సూదులక్క కుళాయి కింద చేతులు పెట్టి నిలబడింది.

"కోపానికి నీ బల్ల మీద పొట్లమేం లేదా వదినా?"

"ఉంటే మీ అన్నకు ఇరవై ఏళ్ళుగా రోజుకు మూడుపూటలా పోసేదాన్ని కాదూ?" అంది వదిన.

మర్నాడు సూదులక్క బొత్తాలమ్మ ఇంటికి వెళ్ళింది. ఒకే గది, ఒకే మంచం. బస్సు డ్రైవరూ ఇంకో ముగ్గురూ కలిసి కుర్చీలో కూర్చోబెట్టి పైకి మోసుకొస్తామన్నారని చెప్పింది.

"నలుగురు మోసే రోజు ఎలాగూ వస్తుంది తల్లీ. దానికిప్పుడే రిహార్సలెందుకు?" అంది బొత్తాలమ్మ.

"అవేం మాటలు పెద్దమ్మా! పోనీ నేనే ఇంటికొచ్చి పెడతాను."

"నా ఒక్కదాని కోసం అక్కడ ఏడుగుర్ని ఆపుతావా? వద్దు. అయినా ఇంట్లో నేనూ నా నొప్పీ ఇద్దరమేనమ్మా. అక్కడైతే ఎనిమిది మందిమి. ఆ డ్రైవరు గురక వింటే గానీ నాకు కన్ను మూతపడదు." మోకాళ్ళ మీద చీర సర్దుకుంది. "ఇంక రానులే. నువ్వు బెంగపెట్టుకోకు."

ఈ చివరి మాటే సూదులక్కను కాల్చేసింది. ఏ తప్పూ చెయ్యని మనిషి తనంతట తానే తప్పుకోవడమా? తాళం వేసినవాడు ఏసీలో నవ్వుకుంటూ కూర్చోవడమా? ఎక్కడి న్యాయం ఇది! తిరిగొచ్చి వదిన ముందు భోరుమంది.

వదిన అంతా విని, పొట్లం కట్టే దారం తెంపి, "ఆమె మన గది కావాలంటోంది. గదంటే ఏంటి మరదలా, గోడలా? కుర్చీలా?" అంది.

శుక్రవారం రెండున్నరకు ఎనిమిది కుర్చీలూ మెట్ల మీదుగా కిందికి దిగాయి. డ్రైవరు రెండు తెచ్చాడు, లెక్చరరు ఒకటి తెచ్చి మూడుసార్లు ఆగాడు. గేటు నుంచి మెట్ల దాకా దారి పూర్తిగా వదిలి, లిఫ్టు ముందున్న ఖాళీలో కుర్చీలు వేశారు. లిఫ్టు తలుపుకు ఆనుకుని బొత్తాలమ్మ కుర్చీ. తలుపు పిడికి అట్టముక్క. ఓపెనింగ్ ఎన్నింటికో వదినకు ముందే తెలుసు. సూదులక్కకు తెలియదని వదిన ఇప్పటికీ ఒట్టేసి చెబుతుంది. నమ్మేవాళ్ళు నమ్మవచ్చు.

మూడింటికి మొదటి సూది. సూదులక్క చెయ్యి చూసుకుంది. వణకడం లేదు. బొత్తాలమ్మకు చేతులకు నాలుగు, కాళ్ళకు ఆరు, చెవులకు రెండు. చీటీ మీద పన్నెండని రాసింది. డ్రైవరు గురక అందుకోగానే బొత్తాలమ్మ కళ్ళు మూతలు పడ్డాయి. ఆరు రాత్రుల నిద్ర అది, నోరు తెరుచుకుని మరీ పోయింది.

మూడూ ఇరవైకి గేటు దగ్గర కార్లు ఆగాయి. పూలగుత్తులతో పాతికమంది, ముందు సెక్రటరీ, ఆయన పక్కన పైన క్లినిక్ పెడుతున్న స్కిన్ డాక్టరమ్మ. లోపలికి రెండడుగులు వేసి అందరూ నిలబడిపోయారు.

"ఏంటిది? ఏంటీ నాన్సెన్స్? లేపండి వీళ్ళని!"

సూదులక్క వేలు పెదవుల మీద పెట్టి, అట్టముక్క చూపించింది. "మెల్లగా మాట్లాడండి. సూదులున్న మనిషిని లేపకూడదు."

"గెస్టులొచ్చారు! ఎంతసేపు?"

"ఇంకో ఇరవై నిమిషాలు. కొందరికి పావుగంట ఎక్కువే."

"అప్పటిదాకా మేమెలా వెళ్ళాలి?"

ఈసారి జవాబు రెండో అంతస్తు దాకా ఆగలేదు. "మెట్లున్నాయిగా సెక్రటరీ గారూ. దారి కూడా వదిలాం. కాళ్ళు బాగున్నవాళ్ళు మెట్లెక్కలేరా ఏంటి?"

సెక్రటరీ ముఖం కందగడ్డయింది. బొత్తాలమ్మ భుజం తట్టబోయి, చెవిలో మెరుస్తున్న సూదులు చూసి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. పోలీసుల్ని పిలుస్తానన్నాడు. అదీ గుసగుసగానే అన్నాడు. ఏమాటకామాట, ఆ డాక్టరమ్మ మంచిది. అట్టముక్క చదివింది, నిద్రపోతున్న ఎనిమిది ముఖాలూ చూసింది, ఎత్తుమడమల చెప్పులు విప్పి చేత పట్టుకుని చప్పుడు కాకుండా మెట్లెక్కింది. ఆమె ఎక్కాక గెస్టులు ఎక్కక తప్పలేదు. గెస్టులు ఎక్కాక సెక్రటరీకీ తప్పలేదు.

నాలుగు కావస్తుండగా బొత్తాలమ్మ తనంతట తాను కళ్ళు తెరిచింది. మిగతా ఏడుగురివీ అప్పటికే తీసేసింది సూదులక్క, ఈమె పన్నెండు సూదులూ లెక్కకొచ్చాయి. వెనకే కటక్‌మని చప్పుడు. చూస్తే వాచ్‌మన్ లిఫ్టు తాళం తీసి నిలబడ్డాడు.

"ఎవరు తియ్యమన్నారు?" అంది వదిన.

"ఎవరో అన్నారు. గుర్తులేదు," అన్నాడు వాచ్‌మన్, పైకప్పు కేసి చూస్తూ.

"పదండి మరి. నా కుర్చీ నా కిటికీ దగ్గర లేకపోతే నాకు తోచదు," అంది బొత్తాలమ్మ. కుర్చీని లిఫ్టులోకి ఎక్కించారు, పక్కన బొత్తాలమ్మ, వదిన, సూదులక్క ఇరుక్కున్నారు.

మూడో అంతస్తులో తలుపు తెరుచుకునేసరికి ఎదురుగా మెట్టు మీద సెక్రటరీ. గెస్టులు ఎప్పుడో పైకి వెళ్ళిపోయినట్టున్నారు, ఈయన మాత్రం మెట్టుకోసారి ఆగి ఇప్పటికి ఇక్కడిదాకా వచ్చాడు. మనిషి చెమటతో తడిసిపోయి, రెండు చేతులతో రెండు మోకాళ్ళూ పట్టుకుని కూర్చున్నాడు.

"మోకాళ్ళా నాయనా?" అంది బొత్తాలమ్మ. ఆ గొంతులో వెటకారం వీసమెత్తు లేదు.

ఆయన తలూపాడు.

"అమ్మాయ్, ఈయనకూ నాలుగు సూదులు పెట్టు. పాపం."

"ఉన్నవాటిల్లో లావుపాటివి చూసి పెట్టు," అంది వదిన.

సూదులక్క తన చేతివైపు చూసుకుంది. ఇందాక నిశ్చలంగా ఉన్న చెయ్యి మళ్ళీ వణుకుతోంది. ఈయన కూర్చున్న చోటికి ఒక అంతస్తు కిందే పెద్దమ్మ చెప్పులు పట్టుకుని కూర్చున్న మెట్టు.

"పెడతాను పెద్దమ్మా. మన గదిలో ఎవరినీ పొమ్మనం. కానీ కోపం తగ్గాలి, ఈ చేత్తో ఇప్పుడు పట్టను."

"తాళం పూర్తిగానే తీసేయిస్తాను మేడమ్," అన్నాడు సెక్రటరీ, ఆయాసపడుతూ. "ఇక వెయ్యం. ఎవరైనా ఎక్కొచ్చు. మీ కోపం... ఎంతసేపట్లో తగ్గుతుంది?"

"ఈమె ఆ కింది మెట్టు మీద రెండు గంటలు కూర్చుంది. మీరు కూర్చుని ఎంతసేపయింది?"

ఆయన వాచీ చూసుకున్నాడు. "పది నిమిషాలు."

"అయితే కూర్చోండి," అంది సూదులక్క, పెద్దమ్మ చెయ్యి పట్టుకుని గది తలుపు తీస్తూ.