పాత కంపెనీ నీలం

కెప్టెన్ చూపులో నట్టనడుమ మసక కమ్మింది. దేన్ని సూటిగా చూస్తే అదే మాయమయ్యేది, చుట్టుపక్కలది మాత్రం కనిపించేది. ఇది నయమయ్యేది కాదని కళ్ళ డాక్టరు తేల్చేశాడు. విమానం నడిపే లైసెన్సు పోయింది. ఆయన పనిచేసిన చిన్న కంపెనీని అప్పటికే ఓ పెద్ద కంపెనీ కలిపేసుకుని, విమానాలన్నిటికీ తన రంగులు కొట్టించేసింది.

కాలక్షేపంగా ఉంటుందని ఆయన తమ్ముడు కంప్యూటర్లో విమానం నడిపే ఆట ఎక్కించి, గోడంత తెర బిగించి వెళ్ళాడు. కెప్టెన్ రోజూ కూర్చునేవాడు. లేపడం బాగానే లేపేవాడు. దించేటప్పుడు మాత్రం విమానం రన్‌వే దాటి గడ్డిలో పడేది. ఇది ఎవరి విమానమో, నాది కాదు అనేవాడు. మన కంపెనీ రంగులుంటే చేతులకి అన్నీ వాటంతటవే గుర్తొస్తాయనేవాడు. ఆడలేక మద్దెల ఓడన్నట్టుందని తమ్ముడు నవ్వాడు. ఆ పూట కెప్టెన్ భోజనానికి రాలేదు.

భార్య బట్టలు కుడుతుంది. గుడ్డ రంగుకి దారం రంగు కలపడంలో ఆమె కన్ను తప్పిందని ఎవరూ అనలేదు. సీట్లో కూర్చున్నాక బయటి రంగు ఎలాగూ కనపడదు కదా అని అడగబోయి, ఊరుకుంది. ఆటలోని విమానాలకి వేసే ఇలాంటి రంగుల ఫైళ్ళు సరదా ఉన్నవాళ్ళు తయారుచేసి ఊరికే పంచుతారని తెలుసుకుని వెతకసాగింది. ఒకదాంట్లో తోక మరీ ఊదాగా ఉంది. ఇంకోదాంట్లో పొట్ట కింద పసుపు గీత లేదు. మూడోది సరిపోయింది. కానీ ఎక్కించాక విమానం ఒళ్ళంతా నలుపు తెలుపు గళ్ళతో వచ్చింది. తయారుచేసినతనికి రాసి అడిగితే, ఫోల్డరులో ఫోల్డరు పెట్టావమ్మా, లోపలిది బయటికి తీయి అన్నాడు. తీసింది. నీలం తోక, పసుపు గీత, పాత పేరు తెర నిండా వచ్చి నిలబడ్డాయి. ఆమె కుర్చీలోంచి గబుక్కున లేచింది.

"ఏవండీ, వచ్చింది."

"నీలం సరిగ్గా ఉందా?"

"అచ్చం అదేనండీ. దారం తేడా లేదు."

కెప్టెన్ తల పక్కకి తిప్పి, కంటి కొసతో విమానం చుట్టూ మెల్లగా చూసుకున్నాడు. ఉద్యోగంలో ఎక్కేముందు అలాగే చుట్టూ తిరిగి చూసుకునేవాడు. తర్వాత సీట్లో కూర్చున్నాడు. ఆమె పక్కన కూర్చుని వేగం, ఎత్తు చదివి చెప్పింది. విమానం హాయిగా లేచింది. ఆయన ముఖం అలా వెలగడం చూసి ఎంత కాలమైందోనని ఆమెకి కళ్ళు చెమర్చాయి.

దిగేటప్పుడు రన్‌వే కోసం ఆయన సూటిగా చూశాడు. అది మాయమైంది. ఆమె అంకెలు చదువుతూనే ఉంది. విమానం గడ్డిలో పడి ఒరిగిపోయింది.

ఆమె "నీలం కాస్త తేడాగానే ఉందేమోనండీ. ఇంకోటి వెతుకుతాను" అంది.

"నీ కన్ను తప్పదు. నువ్వు సరిపోయిందన్నాక సరిపోయినట్టే." ఆయన చేతులు ఒళ్ళో పెట్టుకున్నాడు. "ఇన్నాళ్ళూ నెపం రంగు మీద తోశాను. లేనివి నా కళ్ళే."

ఆ మాట ఆయన నోట రావడం అదే మొదలు. ఆ గళ్ళ విమానాన్ని అలాగే వదిలేసినా బాగుండేదని ఆమెకి అనిపించింది. అప్పుడు ఆయనకి చెప్పుకోవడానికి ఓ సాకైనా మిగిలేది.

పొద్దున్నే కెప్టెన్ తమ్ముడికి ఫోన్ చేసి, అంతా పట్టుకెళ్ళిపొమ్మన్నాడు. అతను వచ్చి వైర్లు ఊడదీసి, తెర దింపాడు. ఇంకేమైనా తెచ్చిపెట్టనా వదినా అని గుమ్మంలో నిలబడి అడిగాడు. ఆమె లోపలికి చూసింది. కెప్టెన్ అప్పటికే లోపలి గదిలోకి వెళ్ళి, గోడవైపు తిరిగి పడుకున్నాడు.