తుపాను లేని రోజు

“అమ్మా, ఆగు! ఆ రాయి కింద పెట్టించు!”

జనాన్ని తోసుకుంటూ అనూరాధ షామియానా కిందికి దూసుకొచ్చింది. జాలరిపేట ఇసుకలో పీట వేసి ఆమె తల్లి సీతాలును కూర్చోబెట్టారు. సీతాలు రెండు చేతులూ చాచి ఉంది. గాజులు పగలగొట్టడానికి పక్కన ముసలామె రాయి ఎత్తింది. ఎదురుగా సాగరానందస్వామి కళ్ళు మూసుకుని కూర్చున్నాడు.

అనూరాధ తండ్రి వీరన్న ఇరవై ఏళ్ల కిందట సముద్రం మీద చేపల వేటకెళ్లి తిరిగి రాలేదు. శవం కళ్ళ చూడందే బొట్టు తీయనంది సీతాలు. పొద్దు వాలితే అలల దగ్గరికెళ్లి నిలబడేది. ఏ చిన్న అలికిడైనా లేచి తలుపు తీసేది. ఊరూరా తిరిగి ప్రవచనాలు చెప్పే ఈ స్వామి మొన్నామధ్య పేటకొచ్చి, వీరన్న తన చేతుల్లోనే పోయాడన్నాడు. ఆరోజు నుంచి సీతాలు తలుపు తీయడం మానేసింది. ఈ సాయంత్రం గాజులు తీస్తే స్వామి చెప్పిన కథే ఖాయమైపోతుంది. తండ్రి ఎలా పోయాడో ఇక ఎవరూ అడగరు.

“ఓలమ్మీ, ఏటా కేకలు?” చిన్నాన్న రాము ఆమె చెయ్యి పట్టి లాగాడు. “పేపరాఫీసులో ఉజ్జోగమైతే సావుకాడ కూడా అడ్డొచ్చీడమేనా?”

“ఈయన సెప్పిందంతా అబద్దం సిన్నాన్నా! గోదావరి జిల్లాలో లెక్చరర్‌నన్నాడు. దారిలో ఇంకో రేవుకాడ నాన్న పడవెక్కానన్నాడు, సముద్రం మీదకెళ్లడం అదే మొదలన్నాడు. ఆ కాలేజీకి నానే ఎళ్లొచ్చాను. ఆల పాత రికార్డుల్లో ఈయన సెప్పిన పేరే నేదు. తుపాను లేసి పడవ రెండు ముక్కలైందన్నాడు. ఏదీ తుపాను?”

ఆమె ఫోన్ ఎత్తి చూపింది. వీరన్న వేటకెళ్లిన మర్నాటి పాత పేపరు. బీచ్‌లో ఈత పోటీలు గెలిచిన పిల్లలు నవ్వుతున్నారు. వాళ్ళ వెనక సముద్రం ఆరేసిన దుప్పటిలా పరుచుకుని ఉంది.

“ఒడ్డున ఎండేనని మాకూ గేపకముందిలే,” అన్నాడు రాము. “లోపల గాలి లేసుంటాదని అప్పుడే పెద్దలు సరిపెట్టుకున్నారు.”

“లోపల ఓడలున్నాయి గదా! ఆటి కబుర్లన్నీ వాతావరణం ఆఫీసులో సూసొచ్చాను. ఏ ఓడకీ గాలి తగల్నేదు.”

స్వామి కళ్ళు తెరిచాడు.

“కాగితాలు ఒడ్డున పుడతాయి తల్లీ. నీ తండ్రి పోయింది నీళ్లలో.” గొంతు తగ్గించాడు. “పోతూ పోతూ ఏమన్నాడో తెలుసా? ‘నా పిట్టబుడ్డి అన్నం తిన్నాదో నేదో’ అన్నాడు.”

అనూరాధ ఫోన్ దించేసింది. పిట్టబుడ్డి! ఆ పేరుతో తండ్రి ఒక్కడే పిలిచేవాడు, అదీ పడవ నెట్టేముందు, చెవిలో. ఆ యాసే, ఆ గొంతే ఈ మనిషి నోట్లోంచి వచ్చింది. వెనక అలల్లో ఎవరో మోకాళ్ల లోతున నిలబడి వింటున్నట్టనిపించి గిరుక్కున తిరిగింది. ఎవరూ లేరు.

అంటే ఇతను ఆ పడవలో ఉన్నమాట నిజం. కానీ ఆరోజు పడవ ఎక్కడం ఊరు చూసింది ఇద్దరినే. ఒకరు వీరన్న. రెండోవాడు ఆ ఏడే పనికి కుదిరిన కళింగపట్నం కుర్రాడు, జగ్గయ్య. అతనూ పోయాడనే అందరూ అనుకున్నారు.

“ఇంకేటి రికార్డు కావాలే నీకు?” రాము ముసలామె వైపు తిరిగాడు. “కానీండి, పొద్దుపోతంది.”

గోపాలపట్నం నుంచి వచ్చిన భక్తురాలు శ్రీవల్లి, గాజుముక్కలు పట్టడానికి తెచ్చిన ఇత్తడి పళ్ళేన్ని దులిపి ఇసుకలో బోర్లించింది. పేటలో తిన్న కంచమైనా బోర్లించరు. సముద్రంలో పడవ బోల్తా పడుతుందని భయం. ఎవరైనా అయ్యో అనేలోపే స్వామి చెయ్యి ముందుకొచ్చింది. పళ్ళేన్ని వెల్లకిలా తిప్పి, అడుగున మెటికలతో తట్టి, మెల్లగా కింద పెట్టింది. అతను పళ్ళెం వైపు చూడనైనా లేదు.

ముసలామె రాయి దించేసింది. సీతాలు చాచిన చేతులు వెనక్కి తీసుకుంది.

“తిప్పడం అందరికీ అలవాటే,” అంది, నిద్రలో మాట్లాడుతున్నట్టు. “పడవకి సిల్లు పడ్డాదేమో సూసినట్టు, తిప్పీసి అడుగున తట్టడం మాత్రం... నా అరుగుమీద ఒక్కడే సేసీవోడు. నా సేతి కూడు తిని.”

స్వామి లేచాడు. జనం దారివ్వలేదు.

“తుపాను నేదు,” అంది సీతాలు, అతని మీదికి నడుస్తూ. “లెక్చరరూ నేడు. బతికొచ్చినోడివి మా గుమ్మంలోకి రాకండా ఇన్నేళ్లు పేరెందుకు దాసుకున్నావు?”

అతను ముఖం పక్కకి తిప్పుకున్నాడు. సీతాలు అతని గడ్డం పట్టుకుని ముఖాన్ని ట్యూబులైటు వెలుగులోకి తిప్పింది.

“సెప్పవా? నానే సెప్తాను. నా మొగుణ్ని సంపింది నువ్వేరా, జగ్గయ్యా!”