శ్రీరంజనిలో లేని చిట్టస్వరం

విజయనగరంలో నలభై ఏళ్లు వీణ నేర్పి రిటైరైన లక్ష్మీనరసమ్మ గారు ఇప్పుడు పాత కీర్తనలను స్వరాలతో పుస్తకాలుగా వేస్తున్నారు. ఒకే కీర్తనకి మూడు నాలుగు చేతిరాత ప్రతులు తెచ్చుకుని, ఒకదాంట్లో గాంధారం ఉన్నచోట ఇంకోదాంట్లో మధ్యమం ఉంటే, తను దేన్ని ఎందుకు తీసుకున్నారో పేజీ అడుగున రాస్తారు.

ఆవిడ మొదటి పుస్తకం వచ్చిన ఏడాదికే శ్రీకాకుళంలో నరసింగరావు గారి పుస్తకం వచ్చింది. ఆయన ఒక సంగీత సభకి అధ్యక్షుడు, మంచి వక్త. అవే కీర్తనలు, అవే స్వరాలు, పరిష్కర్తగా ఆయన పేరు. ఫుట్‌నోట్లు మాత్రం లేవు. ఆవిడ పుస్తకంలో అచ్చులో ఎగిరిపోయిన ధైవతం ఆయన పుస్తకంలోనూ ఎగిరిపోయింది. ఫోన్ చేసి అడిగితే, ఇద్దరమూ ఒకే ప్రతి చూసి ఉంటామని తడుముకోకుండా చెప్పారు.

రెండో పుస్తకం కూర్మయ్య అనే పాతకాలపు వాగ్గేయకారుడి పదకొండు కీర్తనలు. దానికి ఆరేళ్లు పట్టింది. ప్రూఫులు వచ్చిన వారమే నరసింగరావు గారు ఫోన్ చేసి, ముందుమాట రాస్తాను, ప్రూఫులు పంపమన్నారు. వద్దంది శ్రావణి. ఆమె ఆవిడ శిష్యురాలు, బళ్లో సంగీతం టీచరు. స్వరాలన్నీ కంప్యూటర్లో ఎక్కించేది ఆమే.

"పంపుదాం," అన్నారు లక్ష్మీనరసమ్మ గారు. "శ్రీరంజని రాగం కీర్తనకి ఏ ప్రతిలోనూ చిట్టస్వరం లేదు కదా. ఒకటి కట్టి చేరుద్దాం. ఆయనకిచ్చే కాపీలోనే."

చిట్టస్వరమంటే అనుపల్లవి తర్వాత పాడే స్వరాల వరుస. భోజనమయ్యాక కూర్చుని కట్టారావిడ. కడుతున్నంతసేపూ నవ్వుకున్నారు. మధ్యలో ఓసారి కూర్మయ్య గారికి దణ్ణం పెట్టి క్షమాపణ కూడా చెప్పుకున్నారు.

ముందుమాట రాలేదు. రెండు నెలలకి ఆహ్వానపత్రం వచ్చింది. శ్రీకూర్మంలో నరసింగరావు గారి 'కూర్మయ్య కీర్తనలు' ఆవిష్కరణ. ఇద్దరూ బస్సెక్కి వెళ్లారు.

శ్రీరంజని చిట్టస్వరం కోసం ఊరూరా తిరిగానని, చివరికి శ్రీముఖలింగంలో దొరికిన రోజు సంతోషంతో అన్నం సయించలేదని సభలో ఆయన చెప్పారు. ఎవరైనా పాడితే వినాలనుందన్నారు. లక్ష్మీనరసమ్మ గారు శ్రావణిని మోచేత్తో పొడిచారు.

శ్రావణి లేచి వెళ్లి, అక్షరమక్షరం తెలిసేలా నిదానంగా పాడింది.

"నీ... దా... మా... దా... మా... దా... నీ... దా..."

రెండోసారి పాడేసరికి వెనక గుసగుసలు మొదలయ్యాయి. చేపలమ్ముకుని ఇంటికి పోతూ ప్రార్థన పాట వినబడి ఆగిన అసిరమ్మ ముందు వరసలో కూర్చుని ఉంది. పక్కావిడతో ఆమె అన్నమాట మైకు లేకపోయినా అందరికీ వినబడింది.

"ఏటే, నీదా మాదా అని ఆ పిల్ల అంతలాగ అడగతన్నాది, ఎవులూ సెప్పరేటి?"

సభంతా గొల్లుమంది. నరసింగరావు గారు కూడా నవ్వబోయి, పుస్తకం తెరిచి ఆ వరుసని వేలితో కూడబలుక్కున్నారు. చెవులు ఎర్రబడ్డాయి. లేచి అసలు సంగతి చెప్పాలనుకునే వచ్చారు లక్ష్మీనరసమ్మ గారు. కానీ ఆయన ముఖం చూశాక చెప్పబుద్ధి కాలేదు. నవ్వు మాత్రం ఆగక పమిటచెంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

ఆ పుస్తకం అమ్మకానికి రాలేదు. పదిరోజులకి ఆయనే విజయనగరం వచ్చి, చిరిగిన నోటుబుక్కు ఒకటి ఆవిడ ముందు పెట్టారు. వాళ్లమ్మగారిదట. కూర్మయ్య కీర్తనలు ఆ అమ్మగారికి పుట్టింటివాళ్లు నేర్పినవట.

"నాకు స్వరం సదవడం రాదమ్మా," అన్నారు తల దించుకుని. "సభకి పెసిడెంటునై, రాదని ఎలాగ సెప్పుకోను?"

లక్ష్మీనరసమ్మ గారు పేజీలు తిప్పారు. నాలుగు కీర్తనల్లో స్వరాలు తన ప్రూఫుల్లోవాటికి వేరుగా ఉన్నాయి. చివర్న ఎవరికీ తెలియని పన్నెండో కీర్తన, సాహిత్యం ఒక్కటే, స్వరాలు లేవు. అచ్చు ఆపమని ప్రెస్సుకి ఫోన్ చేయించారు. మళ్లీ మొదటి నుంచి సరిచూడాలని తెలిసి శ్రావణి తల పట్టుకుంది.

అమ్మగారు ఈ పన్నెండో కీర్తనని ఎలా పాడేవారో గుర్తుందా అని ఆవిడ అడిగారు. నరసింగరావు గారు గొంతు సవరించుకున్నారు. శ్రుతి కుదరకపోయినా మొదలుపెట్టారు. ఆవిడ పెన్సిలు తీసుకున్నారు.