పచ్చ డబ్బా

మా రంగుల కొట్టులో ఒక మాట నిషేధం. పచ్చ. పసుపు కావలిస్తే పసుపు అనాలి, ఆకుపచ్చ కావలిస్తే ఆకుపచ్చ అనాలి. ఉత్త పచ్చ అన్నవాళ్ళను, కొనడానికి వచ్చినవాళ్ళైనా సరే, కళ్ళెర్రజేసి చూస్తాను. ఈ నియమం నేను చిన్నప్పుడే పెట్టాను. కారణం మా నాన్న.

నాన్న గోడలకూ తలుపులకూ రంగులు వేసే మేస్త్రీ. పనిలో ఆయనకు వంక పెట్టేవాడు లేడు. కానీ ఆయన కంటికి ఎరుపూ ఆకుపచ్చా ఒక్కలాగే కనబడతాయి. ఒక డాక్టరుగారు గేటుకు ముదురు ఆకుపచ్చ వేయమంటే, ఇటుక రంగు వేసి, నాలుగడుగులు వెనక్కి వేసి చూసుకుని మురిసిపోయేదాకా ఆ సంగతి నాన్నకే తెలియదు. డాక్టరుగారు మాత్రం మురిసిపోలేదు. ఆ రోజు నుంచి ప్రతి డబ్బా మూత మీదా పెద్ద అక్షరాలతో రంగు పేరు రాసే పని నాదైంది. మూత మీద పచ్చ అని రాస్తే నాన్న ఏ పచ్చ అనుకోవాలి? అందుకే ఆ మాటను కొట్టులోంచి తరిమేశాను.

ఇప్పుడు నాన్న కుంచె పట్టడం లేదు. గుమ్మం పక్కన కుర్చీ వేసుకుని వచ్చేపోయేవాళ్ళను పలకరిస్తూ ఉంటాడు. రంగులు కలిపేది నేను. ఒక్క చుక్క తేడా ఉన్నా పట్టేస్తాను. "కన్ను మా అమ్మది" అని గొప్పగా చెప్పుకుంటాను.

నాన్న పోలికలన్నీ ఒక్కడే పుణికిపుచ్చుకున్నాడు, మా తమ్ముడి కొడుకు. ముక్కు, నడక, ఎడమచేతి వాటం, నవ్వబోయే ముందు గొంతు సవరించుకోవడం, అన్నీ అచ్చుగుద్దినట్టు దిగాయి. వాణ్ణి అందరం చిన్నతాత అంటాం. నిజం చెప్పొద్దూ, నాకు కాస్త కుళ్ళు. మూతల మీద రాసిరాసి వేళ్ళు నొప్పెట్టింది నాకు, పోలికలు వాడికా? నాకు నాన్న ముక్కు రాలేదు సరికదా, ముక్కు మీది కోపం కూడా అమ్మదే.

చిన్నతాత వేరే ఊళ్ళో, వాళ్ళ అమ్మమ్మ ఇంటి పక్కనే పెరిగాడు. ఊహ తెలిసినప్పటి నుంచీ వాడికి రైలు నడపాలని పిచ్చి. డ్రైవరు ఉద్యోగానికి రాతపరీక్ష గట్టెక్కాడు, ఇక కంటి పరీక్ష ఒక్కటే మిగిలింది. అది మా ఊళ్ళో కాబట్టి ముందురోజే మా ఇంట్లో దిగాడు. వచ్చినవాడు ఊరికే కూర్చోక కొట్టులో సాయానికి నిలబడ్డాడు.

"ఒరేయ్, పై అరలోంచి పసుపు డబ్బా ఒకటి దించు," అన్నాను, వాడి వైపు చూడకుండానే.

"ఇదిగో అత్తా, పచ్చ డబ్బా," అన్నాడు.

గిర్రున తిరిగాను. వాడి చేతిలో ఉన్నది పసుపు రంగే. నోట్లోంచి వచ్చింది పచ్చ. అంటే పసుపు వీడి కంటికి ఆకుపచ్చగా కనబడుతోందా?

"ఏమిట్రా అది?"

"పచ్చ. ఇదే కదా అడిగావు?"

గుమ్మం దగ్గర కుర్చీ కిర్రుమంది. నాన్న లేచి నిలబడ్డాడు.

"అయ్యో, నా కన్ను వీడికి పెట్టేశానే!" అన్నాడు.

ఎర్రదీపానికీ ఆకుపచ్చదీపానికీ తేడా తెలియనివాడి చేతికి రైలు ఎవరిస్తారు? తెల్లారితే పరీక్ష. పోలికలన్నీ వచ్చినప్పుడు ఆ ఒక్క కన్ను మాత్రం రాకుండా ఉంటుందా అని ఇన్నాళ్ళూ మాకెవరికీ తట్టనేలేదు.

"నాకు రంగులు బాగానే కనబడతాయత్తా!" అన్నాడు వాడు.

"తాత కూడా అలాగే అనేవాడు, గేటు దాకా!" అని నోరు పారేసుకున్నాను. వాడు డబ్బా కింద పెట్టి, దాని పక్కనే కూలబడ్డాడు.

సరిగ్గా అప్పుడే మా అమ్మాయి కాలేజీ నుంచి వచ్చింది. అక్కడ జీవశాస్త్రం చెబుతుంది. కడుపుతో ఉంది కాబట్టి ఇంటికి వెళ్ళేముందు కొట్టులో కాసేపు కాళ్ళు చాపుకుంటుంది. ముగ్గురం ఒకేసారి చెప్పేసరికి దానికేమీ అర్థం కాలేదు. అర్థమయ్యాక పకపకా నవ్వింది.

"తాత కన్ను వీడికి ఎలా వస్తుందమ్మా? దారే లేదు!"

"దారి లేకపోవడమేమిటే? మీ అమ్మమ్మదీ తాతదీ కలిసి మీ మామయ్య, మామయ్యదీ అత్తయ్యదీ కలిసి వీడు. తెలుపులో ఎంత తెలుపు పోసినా, ఒకసారి పడిన నలుపు ఎక్కడికి పోతుంది?"

"ఇది రంగులు కలపడం కాదమ్మా. ఇక్కడ డబ్బాలు డబ్బాలుగానే చేతులు మారతాయి. మూత కూడా తియ్యరు."

అంటూనే నేల మీద డబ్బాలు పేర్చడం మొదలుపెట్టింది. ఆడవాళ్ళ ముందు రెండు పెద్ద డబ్బాలు, మగవాళ్ళ ముందు ఒక పెద్దది, ఒక చిన్నది.

"పెద్దది ఎక్స్ క్రోమోజోము, చిన్నది వై. ఎరుపూ ఆకుపచ్చా తేడా పట్టే జన్యువు పెద్ద డబ్బాలోనే ఉంటుంది. తాత పెద్ద డబ్బాలో అది చెడింది. మగవాడికి రెండో పెద్ద డబ్బా లేదు కాబట్టి ఆదుకునే దిక్కు లేదు. ఇప్పుడు చెప్పు తాతా, నీకు కొడుకు పుట్టాడంటే వాడికి నువ్విచ్చింది ఏ డబ్బా?"

నాన్న డబ్బాల వంక చూశాడు. "చిన్నది ఇస్తేనే కదా మగపిల్లాడు!"

"అంతే! మామయ్య పెద్ద డబ్బా అమ్మమ్మ ఇచ్చింది. వీడి పెద్ద డబ్బా అత్తయ్య ఇచ్చింది. నీ ముక్కు వేరే డబ్బాల్లో వచ్చింది, దానికి అడ్డు లేదు. నీ కన్ను మాత్రం వీడి గుమ్మం తొక్కలేదు."

చిన్నతాత గొంతు సవరించుకున్నాడు, కానీ నవ్వలేదు. "మరి అమ్మ వైపు ఎవరికైనా ఉంటే, వదినా?"

"మీ అమ్మమ్మ వాళ్ళింట్లో ఎవరైనా రంగులు తప్పు చెబుతారా?"

"లేదు. మామయ్యలిద్దరూ దర్జీలు. బట్ట చూసి దారం రంగు ఇట్టే చెప్పేస్తారు. కానీ అక్కడ అందరూ దీన్ని పచ్చ అనే అంటారు," అని పసుపు డబ్బా చూపించాడు.

పసుపును పచ్చ అనేవాళ్ళున్నారని నాకు తెలియదా? ఆ మాటను తరిమింది అందుకే కదా! కంగారులో నా తెలివి గడ్డి మేసింది.

"ఓరి నీ! కన్నూ మాటా రెండూ మీ అమ్మ దగ్గరే తెచ్చుకున్నావన్నమాట!" అన్నాను. అయినా నా అనుమానం తీరదు కదా. ఇటుక, ఆకు, తుప్పు, నాచు రంగుల నమూనా ముక్కలన్నీ కలిపేసి వాడి ముందు పోశాను. వాడు ఎడమచేత్తో టకటకా వేరుచేసి పెట్టాడు. ఒక్కటి తప్పితే ఒట్టు. నాన్న గట్టిగా ఈల వేశాడు. నేను వాణ్ణి వాటేసుకుని, వెంటనే నెత్తి మీద ఒకటి మొట్టాను, హడలగొట్టినందుకు.

ఇంతలో నాన్న నేల మీది డబ్బాల దగ్గర వంగి, "మరి నా పెద్ద డబ్బా ఎటుపోయిందే?" అన్నాడు.

మా అమ్మాయి దాన్ని ఎత్తి నా ముందు పెట్టింది. "కూతురికి. తండ్రి దగ్గర ఉన్నది ఒక్కటే, కూతురు పుట్టాలంటే అదే ఇవ్వాలి. అమ్మమ్మ ఇచ్చిన మంచిది పక్కనే ఉంది కాబట్టి అమ్మ కంటికి ఏమీ కాలేదు. కానీ తాత డబ్బా పుట్టినప్పటి నుంచీ అమ్మ దగ్గరే ఉంది."

ఇన్నేళ్ళూ ఊరంతటికీ అమ్మ కన్ను, అమ్మ కన్ను అని చాటుకున్నాను. చూడబోతే తమ్ముడికి ఇవ్వనిది, చిన్నతాతకు అందనిది, నాన్న నాకే ఇచ్చాడు. పట్టలేనంత సంతోషం వేసింది. చెడిన డబ్బా అయితేనేం, మా నాన్నది!

మర్నాడు సాయంత్రం మా అమ్మాయి కొట్టులో కాళ్ళు చాపుకుని ఉండగా ఫోను మోగింది.

"అత్తా, పచ్చజెండా ఊపేశారు!"

"ఏ పచ్చరా వెధవా?" అని అరిచాను, నవ్వుతూ, ఏడుస్తూ.

నాన్న మాత్రం ఎక్కువసేపు నవ్వలేదు. మనవరాలి కడుపు వంక చూసి, నా దగ్గరకొచ్చి మెల్లగా అడిగాడు. "అమ్మా, నువ్వు ఆ డబ్బా దీనికిచ్చి ఉంటే, ఇది పుట్టబోయేవాడికి ఇస్తే? నాలాంటి కన్నే వస్తే?"

"వస్తే రానీ నాన్నా," అన్నాను. "మూతల మీద రాయడానికి నేను లేనూ?"

అని సన్న కుంచె తీసి, అక్షరాలు చెరిగిపోయిన డబ్బాలన్నీ ముందుకు లాక్కున్నాను.