ముందు మాట్లాడవలసిన మనిషి

ల్యాబులో నేల తుడుస్తుండగా, పగిలిన సీసాలోని యాసిడ్ పెద్దక్క చేతుల మీద పడింది. గ్లవుజులు ఎప్పుడడిగినా కాంట్రాక్టరుది ఒకటే మాట: "ఇన్నాళ్ళూ లేకుండానే చేశారుగా." మర్నాడు చేతులకు కట్లతో పనికొచ్చిన ఆమెను, చీపురు పట్టలేని మనిషి తనకెందుకని గేటు దగ్గరే తిప్పి పంపేశాడు. అది కళ్ళారా చూసిన ఇరవై ఇద్దరు ఆడవాళ్ళు చీపుళ్ళు కింద పడేసి, పెద్దక్కను వెంటబెట్టుకుని, విశ్వవిద్యాలయం చర్చాసంఘం హాలు మెట్ల మీద కూర్చున్నారు. అంతమందికి సరిపడా నీడ ఉన్నది అక్కడే.

హాల్లో ఆ సాయంత్రమే పోటీ. సంఘం వాళ్ళు హుషారుగా కొత్త అంశం పెట్టారు: "పారిశుధ్య కార్మికులకు సమ్మె హక్కు ఉండరాదు." చీటీలు తీస్తే ప్లీడరుకు "ఉండరాదు" పక్షం వచ్చింది.

ఎం.ఏ. రెండో ఏడు చదివే అతనికి ఆ పేరు హాస్టలు పెట్టింది. ఏ పక్షమిచ్చినా గెలుస్తాడు. నరం లేని నాలుక అని స్నేహితులు మెచ్చుకుంటే నవ్వేవాడు. వాళ్ళమ్మ ఆస్పత్రిలో దుప్పట్లు ఉతుకుతుందన్న సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు.

"ఈ చేతులు ఒక్కరోజు ఆగితే వెయ్యిమంది చదువు ఆగుతుంది. చదువునాపే హక్కు ఎవరికీ లేదు" అన్నాడు ఆరోజు. హాలు చప్పట్లతో దద్దరిల్లింది. కప్పు పట్టుకుని బయటికొస్తుంటే మెట్ల మీది ఆడవాళ్ళు ఒదిగి దారి ఇచ్చారు.

మూడోరోజు గోడ మీద నోటీసు పడింది. అటుగా వెళ్తున్న ప్లీడరును పెద్దక్క పిలిచింది.

"బాబూ, కాస్త చదివి పెట్టు. మాకు అక్షరం ముక్క రాదు."

చదివాడు. సోమవారంలోగా పనిలోకి రాకపోతే అందరినీ తీసేస్తారట. ఆ కింది రెండు వాక్యాలూ మెల్లగా చదివాడు. 'ఈ చేతులు ఒక్కరోజు ఆగితే వెయ్యిమంది చదువు ఆగుతుంది. చదువునాపే హక్కు ఎవరికీ లేదు.' అక్షరం పొల్లు పోలేదు.

"బాగా రాశాడే. ఎవరు నాయనా?" అంది పెద్దక్క.

అబద్ధమాడటానికి అతనికి నోరు రాలేదు. "నేనే అక్కా. పోటీలో అన్నాను. చీటీలో అలా వచ్చింది."

పెద్దక్క అతని వంక చూసి, "మీకు ఆటే. మాకు కూడు" అంది.

ఆ మధ్యాహ్నం అతను లైబ్రరీ కింది గదికి వెళ్ళాడు. పుస్తకాలు కుట్టే బైండింగు తాతకు సంఘం పుట్టుపూర్వోత్తరాలన్నీ తెలుసు.

"ఈ సంఘం హాల్లో పుట్టలేదురా" అన్నాడు తాత, జిగురు వేళ్ళు తుడుచుకుంటూ. "అచ్చాఫీసు వాకిట్లో పుట్టింది. అక్షరాలు పేర్చేవాళ్ళూ, పక్కనే చదువుకునేవాళ్ళూ కలిసి పెట్టుకున్నారు. మా నాన్న అందులో ఒకడు. ఒకటే నిబంధన. ఎవరి గురించి వాదనో వాళ్ళు ముందు మాట్లాడాలి. ఒకసారి అచ్చు పనివాళ్ళ పని గంటల మీద వాదన పెట్టారు. పనివాళ్ళు మాట్లాడారు, పిల్లలు విని వాళ్ళతో పాటు సమ్మెకు దిగారు. తొమ్మిది రోజులు క్లాసులు నడవలేదు. పై వాళ్ళకు భయం పట్టుకుంది. హాలు కట్టించారు, కప్పు పెట్టారు, చీటీలు పెట్టారు. పేరు నమోదైన విద్యార్థులే మాట్లాడాలన్నారు. హాలిచ్చి నోరు తీసుకున్నారు."

ఆదివారం సంఘం సమావేశంలో ప్లీడరు పాత నిబంధన తిరిగి పెట్టాలన్నాడు. గోలెత్తింది.

"ఊడ్చేవాళ్ళకు వాదనేం తెలుసు?" అన్నాడు కార్యదర్శి.

"మా అమ్మ ఆస్పత్రి గుడ్డలుతుకుతుంది. ఆమె గురించి నేను పది నిమిషాలు మాట్లాడగలను, ఎటువైపైనా. అదే నా రోగం. మీది కూడా" అన్నాడు ప్లీడరు.

చాలాసేపు వాదించుకున్నారు. కొందరు లేచి వెళ్ళిపోయారు. మిగిలినవాళ్ళు సరేనన్నారు.

సోమవారం తెల్లారేసరికి హాలుకు తాళం. మెట్ల మీదే సభ పెట్టారు. తాత అధ్యక్షుడు. హాస్టలు వంటవాళ్ళు, ల్యాబు అటెండర్లు, వందలమంది విద్యార్థులు చేరారు. రిజిస్ట్రారు పోలీసులను వెంటబెట్టుకొచ్చి, "సభ్యులు కానివాళ్ళు ఇక్కడ మాట్లాడకూడదు" అన్నాడు. మైకు తీగ పీకించాడు.

పెద్దక్క లేచింది.

"నాకు వాదన రాదు, జరిగింది చెప్తా. సీసా ఎవరు పగలగొట్టారో నాకు తెలీదు. నీళ్ళనుకుని తుడిచాను."

ముందు వరసలోని విద్యార్థులు ఆమె మాటను వెనక్కి అందించారు. వాళ్ళ నుంచి ఇంకా వెనక్కి వెళ్ళింది.

"మా చేతులు ఆగితే వెయ్యిమంది చదువు ఆగుతుందని ఈ అబ్బాయి అన్నాడు. నిజమే అన్నాడు. మరి అంత పెద్ద పని చేసే చేతులకు తొడుగెందుకు లేదు? కాలిపోతే చూసే దిక్కెందుకు లేదు?"

ఆ ప్రశ్న గేటు దాకా వెళ్ళింది. ప్లీడరు తల వంచుకుని విన్నాడు. తన మాటకు ఇంత గట్టి జవాబు ఏ పోటీలోనూ తగల్లేదు.

ఇనస్పెక్టరు ఆమె భుజం మీద చెయ్యి వేశాడు. ప్లీడరు అడ్డం వెళ్తే అతన్నీ పట్టుకున్నారు. కట్లతో పెద్దక్క వ్యాను ఎక్కలేకపోయింది. అతను నడుం పట్టి ఎక్కించాడు.

"భయమేస్తోందా బాబూ?"

"వేస్తోంది అక్కా."

"నాకూ వేస్తోంది. పక్కన కూర్చో."

ఇనస్పెక్టరు తలుపు వేస్తూ, "వాదన అయిపోయిందిగా, ఇక పదండి" అన్నాడు.

"అయింది నా వంతే సారూ. ఇంకా ఇరవై ఇద్దరున్నారు" అంది పెద్దక్క.

వ్యాను కదిలింది. జాలీలోంచి చూస్తే, మెట్ల మీద మరో ఆడమనిషి కొంగు నడుముకు బిగించి లేచి నిలబడుతోంది. ఆమె మొదటి మాట వాళ్ళకు వినపడలేదు. దాన్ని వెనక్కి అందిస్తున్న వందల గొంతులు మాత్రం మలుపు తిరిగేదాకా వినపడుతూనే ఉన్నాయి.